చిన్న గాట్లతో కటి ఎముకల శస్త్రచికిత్స: ఏడాది తర్వాత రాస్తున్న సమీక్ష

గత ఏడాది జనవరిలో గుంటూరులోని ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో మా వారికి కటి ఎముకల శస్త్రచికిత్స జరిగింది. పెద్ద కోత లేకుండా, చర్మం మీద పెట్టిన నాలుగైదు చిన్న గాట్ల ద్వారానే స్క్రూలు, ఒక కడ్డీ అమర్చి, చోటు తప్పిన కీలును తిరిగి నిలబెట్టిన చికిత్స అది. ఏడాది గడిచాక, చివరి ఎక్స్‌రే కూడా చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవీ, నొచ్చుకున్నవీ రెండూ ఇందులో ఉన్నాయి. ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా ఏం అడగాలో, ఏం గమనించాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ అక్కరకు వస్తుందని నా నమ్మకం. ముందుగానే చెప్పాలంటే, ఆపరేషన్‌కూ, దానికి ముందు జరిగిన వివరణకూ నేను నూటికి తొంభై ఐదు మార్కులు వేస్తాను. ఇంటికి పంపిన తీరుకు నలభై దాటి వేయలేను.

నేను జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. పద్నాలుగేళ్లుగా శ్రోణిమేఖల, అంటే నడుము కింది ఎముకల కట్టు, పాఠం చెబుతున్నాను. వెనుక వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి, ఇరువైపులా కటి ఎముకలు, ముందు పొత్తికడుపు దిగువన జఘనాస్థులు కలిసే చోటు, ఇవన్నీ బొమ్మ గీసి పేర్లు రాయించినదాన్నే. అయితే ఆ ఎముకలన్నీ కలిసి ఒక గట్టి వలయమని, ఆ వలయం ఒక చోట విడిపోతే దాదాపు ఎప్పుడూ మరో చోట కూడా విడిపోయి ఉంటుందని, దాని లోపలి సిరల నుంచీ విరిగిన ఎముక ముఖాల నుంచీ కారే రక్తం లీటర్ల కొద్దీ లోపలే నిలిచిపోగలదని ప్రమాదం జరిగిన రాత్రే తెలుసుకున్నాను.

మా వారు ఎరువుల దుకాణం మూసి మోటారు సైకిల్ మీద వస్తుండగా మలుపు దగ్గర ట్రాక్టరు ట్రక్కు ఎడమ వైపు నుంచి గుద్దింది. 108 వాహనం వచ్చి దగ్గరి పట్టణంలోని ఒక నర్సింగ్ హోమ్‌కు చేర్చింది. అక్కడ జరిగినదే ఈ మొత్తం ప్రయాణంలో నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. విరిగిందో లేదో చూడటానికని ఇద్దరు మనుషులు మార్చి మార్చి ఆయన నడుము కింది ఎముకలను రెండు వైపులా పట్టుకుని నొక్కి, ఊపి చూశారు. అలా ఊపితే అప్పుడే గడ్డకడుతున్న రక్తం కదిలి మళ్లీ రక్తస్రావం మొదలయ్యే ముప్పు ఉందని, అందుకే ఇప్పుడు ఆ పరీక్ష వద్దంటారని గుంటూరులో డాక్టరు చెప్పారు. ఎక్స్‌రే తీశాక కూడా కట్టు ఏదీ కట్టకుండానే అంబులెన్స్ ఎక్కించారు. గుంటూరు చేరేసరికి ఆయన నాడి నిమిషానికి 130 దగ్గర కొట్టుకుంటోంది, పెదవులు తెల్లబడ్డాయి.

గుంటూరులో అత్యవసర విభాగంలోని యువ డాక్టరు చేసిన మొదటి పని, మంచం మీది దుప్పటిని మడతపెట్టి, తుంటి పక్కన తొడ ఎముక పైభాగం బయటికి ఉబ్బెత్తుగా తగిలే చోట చుట్టి, బిగించి కట్టడం. నడుము దగ్గర కట్టబోయిన వార్డు బాయ్‌ని ఆపి, "ఇంకా కిందికి, తుంటి దగ్గరికి రావాలి" అని ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. నడుముకు కడితే పొట్ట మీద ఒత్తిడి పడుతుందే తప్ప వలయం మూసుకోదు. ఆ ఒక్క దుప్పటి కట్టుతో, రెండు కాళ్ల పాదాలను లోపలికి తిప్పి కలిపి కట్టడంతో, ఎక్కించిన నాలుగు యూనిట్ల రక్తంతో తెల్లవారేసరికి రక్తపోటు నిలబడింది. పొట్టలో రక్తం లేదని అల్ట్రాసౌండ్‌లో చూసుకున్నారు; మూత్రమార్గం చివర రక్తం మరక లేదని నిర్ధారించుకున్న తర్వాతే గొట్టం వేశారు. మరక ఉంటే మూత్రనాళం తెగి ఉండవచ్చని, అప్పుడు గొట్టాన్ని గుడ్డిగా లోపలికి తోయకూడదని అడగకుండానే వివరించారు. ఈ జాగ్రత్తల కోసం ప్రత్యేక యంత్రమేదీ అక్కర్లేదు. తెలిసిన మనిషి ఒకరు ఆ వేళకు అక్కడ ఉండాలి. మాకు ఉన్నారు.

మర్నాడు సి.టి. స్కాన్ వచ్చాక పెద్ద డాక్టరు నన్నూ, మా మరిదినీ తన గదిలోకి పిలిచి కంప్యూటరు మీద త్రీడీ బొమ్మను తిప్పి చూపించారు. ఎడమ వైపు త్రికాస్థికీ కటి ఎముకకూ మధ్య ఉండే కీలు, ఆసుపత్రిలో అందరూ ఎస్‌.ఐ. జాయింట్ అనేది, పూర్తిగా తప్పి ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి జరిగింది. ముందు వైపు ఎడమ జఘనాస్థి కొమ్మలు రెండూ విరిగాయి. ఎడమ తొడ ఎముకలో మోకాలికి పైన ఒక పిన్ను గుచ్చి, దానికి పది కిలోల బరువు వేలాడదీసి, పైకి జరిగిన భాగాన్ని మెల్లగా కిందికి లాగుతున్నారు. ఆ దృశ్యం చూసి మా అత్తయ్య ఏడ్చారు గానీ, ఆ నాలుగు రోజుల లాగుడే తర్వాత పెద్ద కోత తప్పించిందని నాకు అర్థమైంది.

ఆ గదిలో గడిపిన నలభై నిమిషాలే ఈ ఆసుపత్రి సేవలో అత్యుత్తమ భాగం. డాక్టరు మొదటి వాక్యమే, "అమ్మా, గాటు చిన్నదని ఆపరేషన్ చిన్నదనుకోకండి" అన్నారు. కోసి తెరిచినప్పుడు ఎముకను కళ్లతో చూస్తూ చోటికి తెచ్చి ప్లేటు బిగిస్తారు. గాట్ల ద్వారా చేసేటప్పుడు ఎముక కనబడదు. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం చూపించే నీడలే ఆధారం. అందువల్ల రక్తం తక్కువ పోతుంది, నలిగిన కండరాల మీద మళ్లీ పెద్ద గాయం పడదు, చీము పట్టే ముప్పు తగ్గుతుంది. వెనుక వైపు పెద్ద కోత కోసినప్పుడు, ప్రమాదంలో అప్పటికే దెబ్బతిన్న చర్మం మానక ఇబ్బంది పెట్టడం పాత పద్ధతిలో ఎప్పటి నుంచో ఉన్న సమస్య. అయితే కీలు చోటికి రాకుండానే స్క్రూ బిగిస్తే, తప్పిన చోటే గట్టిగా అతుక్కుపోతుంది. "లాగుడుతో, పిన్నులతో చోటికి వస్తేనే గాట్లు. రాకపోతే అక్కడికక్కడే కోసి తెరుస్తాను. రెండింటికీ ఇప్పుడే సంతకం పెట్టండి" అన్నారు. ఈ మాట ముందుగా చెప్పే డాక్టరును నమ్మవచ్చని నేను అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

తర్వాత నేను నరాల గురించి అడిగాను. నడుము నుంచి దిగే ఐదో నరం సరిగ్గా త్రికాస్థి రెక్క ముందు భాగాన్ని ఒరుసుకుంటూ వెళుతుంది; ఆ కింద త్రికాస్థి రంధ్రాల గుండా మరో నరం బయటికి వస్తుంది. స్క్రూ ఈ రెండింటి మధ్య ఉన్న ఎముక దారిలోనే సాగాలి. కొందరిలో పుట్టుకతోనే త్రికాస్థి పై భాగం వేరే ఆకారంలో ఉండి ఆ దారి ఇరుకుగా, ఏటవాలుగా ఉంటుందట. అది స్కాన్‌లో ముందే కొలిచి చూసుకోకుండా ఎవరూ స్క్రూ వేయకూడదని చెబుతూ, మా వారి స్కాన్ మీద స్కేలుతో గీత గీసి చూపించారు. అప్పుడే డాక్టరు మా వారి మంచం దగ్గరికి వెళ్లి బొటనవేలిని పైకి ఎత్తమని, పాదాన్ని కిందికి తొక్కమని చెప్పి, ఎంత బలం ఉందో కేసు షీటులో రాయించారు. ఆపరేషన్ తర్వాత బలం తగ్గిందా లేదా పోల్చాలంటే ముందు ఎంత ఉందో కాగితం మీద ఉండాలి. రోగి వెంట ఉన్నవారు దీన్ని తప్పక అడిగి చేయించుకోవాలని నా విన్నపం.

ఈలోగా బంధువుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమని మా పెదమామయ్య పట్టుబట్టారు. చిత్తూరు ప్రాంతపు ఆ కట్టు మీద మన రాష్ట్రంలోనే కాదు, తమిళనాడులో కూడా ఎందరికో నమ్మకం ఉంది. మా ఇంట్లోనే ఒకరికి చేయి అతికింది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. చేతికో కాలికో వెదురు బద్దలు పెట్టి చుట్టూ కట్టవచ్చు. పొట్ట అడుగున, రక్తనాళాల మధ్య, నాలుగు వేళ్ల లోతు కండరం వెనుక తప్పిన కీలును బయటి కట్టు ఏదీ పట్టి నిలపలేదు. పైగా ఈ కీలును గాట్ల ద్వారా సరిచేయాలంటే రోజులు ముఖ్యం. వారం, పది రోజులు దాటితే లోపల గడ్డకట్టిన రక్తం, కొత్త కణజాలం కీలులో నిండి, లాగినా చోటికి రాకుండా చేస్తాయి. పెదమామయ్యకు నేనే ఈ సంగతి వివరించాను. ఆయన నొచ్చుకున్నా, నాలుగో రోజు ఉదయం ఆపరేషన్ థియేటరు బయట నా పక్కనే కూర్చున్నారు.

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. ఏం జరిగిందో డాక్టరు తర్వాత ఎక్స్‌రే ఫిల్ములతో చెప్పారు, వాటి ప్రతులు నా దగ్గర ఉన్నాయి. రోగిని ఎక్స్‌రే కిరణాలు దాటిపోగల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఇలా వెల్లకిలా ఉంచి చర్మం ద్వారా ఈ స్క్రూ వేసే పద్ధతిని 1990లలో అమెరికాలోని సియాటిల్‌కు చెందిన డాక్టర్ చిప్ రౌట్ బృందం ప్రచారంలోకి తెచ్చింది. ఒంటి మీద ఇతర గాయాలున్న రోగిని బోర్లా తిప్పవలసిన పని లేకపోవడం దాని పెద్ద మేలు. కాలిని లాగుతూ, కటి ఎముక అంచులో గుచ్చిన బలమైన పిన్నును చుక్కానిలా తిప్పుతూ కీలును చోటికి తెచ్చారు. తర్వాత పిరుదు పక్కన సెంటీమీటరు గాటు పెట్టి, సన్నని తీగను కటి ఎముక గుండా, కీలు దాటించి, త్రికాస్థి మధ్య భాగం వరకు పంపారు. సి-ఆర్మ్‌ను తల వైపుకీ, కాళ్ల వైపుకీ వంచి, పక్క నుంచీ చూస్తూ మూడు కోణాల్లోనూ తీగ సరైన దారిలో ఉందని తేల్చుకున్నాకే, ఆ తీగ మీదుగా బోలు స్క్రూను తొడిగి బిగించారు. అలాంటి స్క్రూలు రెండు, ఒకటి త్రికాస్థి మొదటి ఖండంలో, రెండోది రెండో ఖండంలో.

పేగుల్లో గాలి నిండి ఉంటే ఈ ఎక్స్‌రే నీడలు మసకబారతాయట. అందుకే ముందు రాత్రి ఎనిమా ఇచ్చారు. అప్పుడు విసుక్కున్న మా వారికి కారణం తర్వాత తెలిసింది. నర్సు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

ముందు భాగానికి వాడింది కొంత కొత్త పద్ధతి. తుంటి గిన్నెకు, అంటే తొడ ఎముక తల కూర్చునే చోటుకు, పైన రెండు వైపులా ఒక్కో స్క్రూ వేసి, వాటిని కలుపుతూ వంచిన కడ్డీని బొడ్డు కింద, చర్మం అడుగు నుంచే దాటించారు. ఆసుపత్రిలో దీన్ని ఇన్‌ఫిక్స్ అన్నారు. పాతకాలపు బయటి ఫిక్సేటర్‌లో కడ్డీలు పొట్ట ముందు బయటికి పొడుచుకొచ్చి, పిన్నుల చుట్టూ చీము పట్టి, పక్కకు తిరగడమే కష్టమయ్యేది. అదే ఏర్పాటును చర్మం లోపలికి మార్చిన ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చిన వారిలో డెట్రాయిట్‌లోని డాక్టర్ రాహుల్ వైద్య ఒకరని తర్వాత చదివాను. దీనికి రెండు లోపాలున్నాయి. కొన్ని నెలల తర్వాత తీసేయడానికి మళ్లీ మత్తు ఇచ్చి చిన్న ఆపరేషన్ చేయాలి. తొడ బయటి వైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం ఆ స్క్రూల పక్కనే పోతుంది కాబట్టి తొడ మొద్దుబారే అవకాశం ఉంది. మొదటి లోపం గురించి ముందే చెప్పారు. రెండోది మొద్దుబారాకే చెప్పారు.

ఆపరేషన్ మర్నాడు తీసిన స్కాన్‌లో కీలు మూడు మిల్లీమీటర్ల తేడాతో చోటికి వచ్చింది. నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలా మంచి ఫలితంగా లెక్కిస్తారని డాక్టరు చెప్పారు. బొటనవేలు ముందులాగే పైకి లేచింది. ఆ వేలు లేవడం చూసినప్పుడు నేను గది బయటికి వచ్చి గోడకు ఆనుకుని కాసేపు నిలబడిపోయాను. రెండో రోజున ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టారు. నాలుగు గాట్లకు కలిపి వేసిన కుట్లు పదకొండు.

ఇక ఇంటికి పంపిన తీరు. డిశ్చార్జి సమ్మరీ మూడు పేజీలూ ఇంగ్లీషులో ఉన్నాయి. "ఎడమ కాలి మీద బరువు వద్దు" అన్న ముఖ్యమైన మాట మందుల జాబితా కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి సరిపోయింది. పక్క మంచం మీది పెద్దాయన భార్య ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఇందులో నడవచ్చని రాశారా తల్లీ?" అని అడిగింది. బరువు మోపకుండా మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మారాలో ఒక్కసారి కూడా చేయించి చూపించలేదు. ఫిజియోథెరపిస్టు వచ్చి వాకర్ ఎత్తు సరిచేసి పది నిమిషాల్లో వెళ్లిపోయారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా నాలుగు వారాల పాటు పొట్ట చర్మం కింద రోజూ వేయవలసిన ఇంజెక్షన్ ఎవరు వేయాలో, ఎలా వేయాలో ఎవరూ నేర్పలేదు. మా వీధి ఏ.ఎన్‌.ఎం. గారు వచ్చి నేర్పారు. కటి ఎముకలు విరిగి మంచాన పడిన వారిలో ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణాలే తీయగలదు. అంతటి విషయాన్ని ఇంటివాళ్ల అదృష్టానికి వదిలేయడం నాకు మింగుడు పడలేదు.

మన ఇళ్లకు సంబంధించిన సంగతులు ఆ సమ్మరీలో అసలే లేవు. నేల మీద పీట వేసుకుని కూర్చోవచ్చా, బాసింపట్టు వేయవచ్చా, కింద కూర్చునే మరుగుదొడ్డి వాడవచ్చా అన్నవి పల్లెటూరి రోగికి మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్నలు. కడ్డీ లోపల ఉన్నంతకాలం ఇవేవీ చేయకూడదని నేను ఫోన్ చేసి అడిగితే చెప్పారు. మేము ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొని, మంచాన్ని ఇటుకల మీద ఎత్తుచేశాం. మొదటి తనిఖీకి వెళ్లినప్పుడు ఈ జాగ్రత్తలన్నీ తెలుగులో ఒక పేజీ రాసి ఇచ్చి, జెరాక్స్ తీసి అందరికీ ఇవ్వండని అడిగాను. తీసుకున్నారు గానీ, మేలో మళ్లీ చేరినప్పుడు అది ఎవరి చేతిలోనూ కనబడలేదు.

ఒక విషయంలో మాత్రం డాక్టరును మనస్ఫూర్తిగా అభినందించాలి. రెండో నెల తనిఖీలో మా వారిని ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ఈ రకం గాయాల తర్వాత మూత్ర సంబంధమైన, దాంపత్య సంబంధమైన ఇబ్బందులు మగవారిలో తరచుగా వస్తాయని, నరాలు, రక్తనాళాలు ఆ ఎముకల పక్కనే ఉండటం వల్ల ఇది జరుగుతుందని, చాలామందిలో క్రమంగా మెరుగుపడుతుందని, అవసరమైతే యూరాలజిస్టు దగ్గరికి పంపుతానని తానే చెప్పారు. సిగ్గుతో అడగలేని మనిషికి అడగకుండానే చెప్పడం ఎంత ఊరటనిచ్చిందో, మా వారి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను.

ఎనిమిది వారాల పాటు ఎడమ బొటనవేలిని నేలకు ఆనించడం వరకే అనుమతి. ఆ తర్వాత కొద్దికొద్దిగా బరువు మోపుతూ, పన్నెండో వారం దాటాక వాకర్ వదిలి చేతికర్ర పట్టారు. మేలో కడ్డీ తీశారు. మర్నాడే ఇంటికి వచ్చాం. వెనుక స్క్రూలు రెండూ అలాగే ఉన్నాయి, ఇబ్బంది పెడితేనే తీస్తామన్నారు. ఖర్చు రెండు విడతలకూ కలిపి దాదాపు 3,80,000 రూపాయలైంది. ముందుగా చెప్పిన అంచనా కంటే నలభై వేలు పెరిగింది. అందులో ఎక్కువ భాగం రక్తం, అదనపు ఐ.సి.యు. రోజుల వల్లనే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ఇంప్లాంట్ల బిల్లులో కంపెనీ పేరు, స్క్రూ పొడవులు, స్టిక్కర్లు అన్నీ అడగకుండానే ఇచ్చారు. రేపు మరో డాక్టరు వాటిని తీయవలసి వస్తే ఆ కాగితమే ఆధారం.

ఈ పద్ధతి అందరికీ కుదురుతుందని ఎవరైనా చెబితే మరో డాక్టరును కూడా అడగండి. ముందు వైపు జఘనాస్థుల కలయిక రెండున్నర సెంటీమీటర్లకు మించి విడిపోతే చాలా సందర్భాల్లో కోసి ప్లేటు వేయడమే ఇప్పటికీ నమ్మకమైన దారి. తొడ ఎముక తల కూర్చునే గిన్నె ముక్కలై జరిగితే, ఆ కీలు నునుపు మిల్లీమీటర్లలో సరిగ్గా రావాలి కాబట్టి, ఎక్కువ మందికి తెరిచే చేస్తారు. కొద్దిపాటి చీలికలకే గాట్ల ద్వారా స్క్రూలు సరిపోతాయి. మరోవైపు, ఇంట్లో జారిపడి త్రికాస్థి చిట్లి, నెలల తరబడి నొప్పితో మంచానికి అంటుకుపోయే వృద్ధులకు ఇవే స్క్రూలు ఎంతో మేలు చేసే సందర్భాలున్నాయి. డాక్టరును అడగవలసింది ఒక్కటే గట్టిగా అడగండి: ఇలాంటివి మీ చేతుల మీదుగా ఎన్ని చేశారు, లోపల కీలు చోటికి రాకపోతే తెరిచి చేయడం కూడా మీకు వచ్చా? మా డాక్టరు ఈ ప్రశ్నకు కోపగించుకోకుండా అంకెతో సహా జవాబు చెప్పారు.

ఈ నెల మొదటి వారంలో ఏడాది తనిఖీ అయింది. స్క్రూలు కదలలేదు, కీలు చోటు తప్పలేదు. మా వారు దుకాణంలో యాభై కిలోల బస్తాను ఇంకా ఎత్తరు, పనివాడి చేత ఎత్తిస్తారు. చలికాలపు ఉదయాల్లో ఎడమ వైపు కొంచెం కుంటుతారు, పది అడుగులు వేశాక అది పోతుంది. కుడి తొడ మొద్దుబారడం కడ్డీ తీశాక తగ్గిపోయింది. ఎడమ తొడ మీద మాత్రం అరచేయంత మేర ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు.